బమ్రోలి గల్లీలో కేసర్ కవాతు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పిల్లి గురించి మొదలుపెడితే మూడో వాక్యానికల్లా దాని ఒంటి మీద చారలు వస్తాయి. పద్నాలుగేళ్లు ఫౌజులో చేశాను. అక్కడ కూడా నా రిపోర్టులు చదివి సుబేదారు సాబ్ తల పట్టుకునేవాడు. కాబట్టి ఇందులో వచ్చే లెక్కలన్నీ మూడుతో భాగించుకుని చదవండి. ఎండను మాత్రం భాగించకండి. దాన్ని ఎవరూ పెంచలేరు.

పోస్టింగు: సూరత్, బమ్రోలి. హోదా: మరమగ్గాల కార్ఖానాకు సెక్యూరిటీ గార్డు. సరంజామా: లాఠీ ఒకటి, ఈల ఒకటి, స్టీలు పళ్లెం ఒకటి. నేను డ్యూటీలో చేరిన నాలుగో రోజు కరోనాకు దేశం మొత్తం మూతపడింది. ఆ రెండింటికీ సంబంధం లేదని పెద్దలంటారు.

మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. ఆరు వందల సాంచాలు ఒక్కసారిగా ఆగిపోతే ఆ నిశ్శబ్దానికి నా చెవులు వాచాయి. మే నెల వచ్చేసరికి కరీంనగర్, జగిత్యాల వైపు మనుషులు రైళ్లెక్కి వెళ్లిపోయారు. సగం గల్లీ ఖాళీ. మిగిలిన సగంలో నేను, మా కమాండర్, ఒక గుర్రం.

కమాండర్ అంటే పోశెట్టి కాక. కోరుట్ల పక్క పల్లె. ఇరవై ఏళ్ల వయసులో సాంచా నడపడానికి సూరత్ వచ్చాడు. ఒకరోజు డ్యూటీకి పోతుంటే పెళ్లి ఊరేగింపు ఎదురైంది. పెళ్లికొడుకును మోస్తున్న గుర్రం కుంటుతున్నది. కాక గుంపులోకి దూరి, దాని కాలెత్తి, డెక్కలో దిగిన మేకు పీకాడు. మళ్లీ సాంచా ముఖం చూడలేదు. ముప్పై ఐదేళ్లు పెళ్లిగుర్రాల మధ్యే బతికాడు. వాటికి గడ్డి వేశాకే తాను తినేవాడు. కళ్లుపోయిన కుక్కలు, కాలు విరిగిన మేకలు దారి అడుగుతూ ఆయన కొట్టానికి వచ్చేవి. గల్లీలోని సాంచాల మోత ఆయన చెవులను సగం తినేసింది. మనం అరిస్తే గానీ వినపడదు. కానీ గుర్రం పొట్టకు చెవి ఆనిస్తే లోపల ఏ పేగు ఏమంటున్నదో చెప్పేవాడు.

రైలుకు పేర్లు రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు, కేసర్ పేరు గూడ రాసుకుంటరా అని అడిగాడు. కుదరదన్నారు. ఉండిపోయాడు.

కేసర్ తెల్లటి ఆడగుర్రం. యజమాని వేరే జిల్లాలో చిక్కుకుపోయాడు. వెయ్యి మంది పెళ్లికొడుకులను మోసిన మహారాణి. దానికి ఒక్కటే పట్టింపు. బ్యాండు మోగితే తప్ప గల్లీలో అడుగు తీసి అడుగు వేయదు.

నేను ఫౌజులో కంచర గాడిదల దళంలో పనిచేశాను. మంచు కొండల మీదికి సామాను మోసే దళం. వాటి పాలిట ధన్వంతరిని నేనేనని కాకకు చెప్పుకున్నాను. అసలు నా పని దాణా తూచే స్టోరులో.

ఆ రోజు పగలు 11:40. నలభై రెండు డిగ్రీలు. కేసర్ గడ్డి ముట్టలేదు. ముందుకాలితో నేల గీరుతున్నది. తల తిప్పి తన డొక్కను తానే చూసుకుంటున్నది. కాక దాని పొట్టకు చెవి ఆనించాడు. చాలాసేపు తీయలేదు.

"లోపల సాంచా బందైంది," అన్నాడు.

విచారణలో తేలింది ఇది. అన్నదానం బండి రోజూ గల్లీకి రొట్టెలు తెచ్చేది. జనం తగ్గారు, రొట్టెలు తగ్గలేదు. ఎవరో దయగల గల్లీవాసులు మిగిలిన రొట్టెలు కేసర్‌కు పెట్టారు. రెండు రోజుల్లో నలభై. గుర్రానికి వాంతి రాదు. లోపలికి పోయింది వెనక నుంచే రావాలి. లేదా ప్రాణం పోవాలి.

మా వైర్‌లెస్ ఆపరేటర్ రాజవ్వ వదిన. మూడో అంతస్తు బాల్కనీ ఆమె స్థావరం. గల్లీ మొత్తంలో ఫోను సరిగా పలికేది అక్కడే. కాకకు గుజరాతీ వచ్చినా ఫోను వినపడదు, నాకు భాషే రాదు, కాబట్టి మాట్లాడేది ఆమే. పశువుల డాక్టరమ్మను పట్టుకుని, ఆమె చెప్పింది చెప్పినట్టు కిందికి పంపింది.

"పండనియ్యొద్దట. పొర్లితే పేగు మెలివడ్తదట."

"ఏం జెయ్యాలె మరి?" కింది నుంచి అరిచాను.

"నడిపియ్యాలె. పది నిమిషాలు నడుపుడు, జర ఆపుడు. నోట్లెకు ఏం పెట్టొద్దట. ఆమె తాపీ నది అవుతల ఉన్నది. పాసు దొరకంగనే వస్తదట."

నడిపించాలి. కేసర్ కదిలితే కదా. కాక ముందు నుంచి లాగాడు. నేను వెనక నుంచి ఫౌజు భాషలో ఆజ్ఞలిచ్చాను. సుబేదారు సాబ్ చూసినట్టే చూసింది. 1:05కి ముందుకాళ్లు మడవబోయింది. కాక దాని మెడ కింద భుజం పెట్టి ఆపాడు.

"ఇది పండితే మల్ల లేవది, ఫౌజీ. బ్యాండు లేక అడుగేస్తలేదు. కొట్టు."

"ఏం కొట్టాలె కాకా?"

"పళ్లెం ఉన్నది గదా నీకు. కొట్టు."

లాఠీతో పళ్లెం మీద పెళ్లి బారాత్ దరువు వేశాను. కేసర్ చెవులు నిక్కాయి. ఎడమ కాలు గాల్లోకి లేచింది. మెడ వంచి, కడుపునొప్పితోనే, పెళ్లి అడుగు వేసింది.

అప్పుడు మొదలైంది ప్రళయం. కొన్ని వారాల కిందటే జబ్బు పోవాలని దేశమంతా పళ్లాలు కొట్టింది. నా పళ్లెం వినగానే, మళ్లీ ఆర్డరు వచ్చిందనుకుని జనం బాల్కనీల్లోకి ఉరికారు. మూడు వేల పళ్లాలు. గరిటెలు, బిందెలు, రాజవ్వ వదిన కుక్కర్ మూత. హజీరా రేవులో ఓడలు వెనక్కి తిరిగాయంటే నేను కాదనను. ఆ మోతలో కేసర్ మహారాణిలా నడిచింది. కళ్లెం పట్టుకుని కాక, ముందు నేను.

గల్లీ చివర ఖాడీ వాగు వంతెన దగ్గర పోలీసు ఆపాడు. పెళ్లికి పర్మిషన్ ఉందా అన్నాడు. పెళ్లికొడుకు ఎవరన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని ముందు నడుస్తున్నది నేనే కాబట్టి, నన్ను కిందా మీదా చూసి, ఈ వయసులోనా అన్నాడు. రాజవ్వ వదిన బాల్కనీ మీంచి గుజరాతీలో సంగతి చెప్పింది. ఆయన గుర్రాన్ని చూశాడు. తరువాత తన లాఠీతో బారికేడ్ మీద దరువు అందుకున్నాడు.

3:50. నలభై ఎనిమిదో చుట్టు. కేసర్ ఆగింది. తోక ఎత్తింది. లద్దె పడింది. పళ్లాలన్నీ ఆగిపోయాయి. కాక మోకాళ్ల మీద కూర్చుని, దాని పొట్టకు చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"నడుస్తున్నది," అన్నాడు. "సాంచా నడుస్తున్నది."

కేసర్ అందరినీ వదిలి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా చొక్కా జేబు మీద మూతి ఆనించింది. బాల్కనీలు చప్పట్లు కొట్టాయి. అది నాకు పతకం తగిలించడమే అనుకున్నారందరూ. నేను సెల్యూట్ స్వీకరించాను.

5:20కి డాక్టరమ్మ వచ్చి, చూసి, సూది వేసి, ప్రమాదం దాటిందన్నది. బ్యాండు ఎవరిదని అడిగితే కాక నా పళ్లెం చూపించాడు.

రెండేళ్లు చేసి నేను ఊరికి తిరిగొచ్చాను. సొట్టలు పడ్డ ఆ పళ్లెంలోనే ఇప్పటికీ తింటున్నాను. ఆ తరువాతి చలికాలం పోశెట్టి కాక పోయాడని రాజవ్వ వదిన ఫోను చేసింది. ఆఖరి రోజు కూడా కేసర్‌కు గడ్డి వేశాకే పడుకున్నాడట.

ఇక లెక్క తేల్చాలి. మూడు వేల పళ్లాలు, నలభై ఎనిమిది చుట్లు, వీటిని పెంచాను. కల్పించింది ఒక్కటే: దయగల గల్లీవాసులు. అలాంటి వాళ్లెవరూ లేరు. మా దళంలో కంచర గాడిదలు రొట్టెలు తిని అరిగించుకునేవి. గుర్రం మాత్రం తినదా అనుకున్నాను. జేబులో ముక్కలు పెట్టుకుపోయి, కాక చూడకుండా రెండు రోజులు తినిపించింది నేనే. ఆ నలభైని భాగించకండి.

కేసర్ నా జేబు దగ్గరికి వచ్చింది రొట్టె కోసం. గల్లీలో ఎవరికీ తెలియలేదు. కాక చూశాడు. దాని మూతినీ, నా జేబునూ, నన్నూ చూశాడు. దాని గదవ కింద చెయ్యి పెట్టి, ముఖాన్ని మెల్లగా పక్కకు తిప్పాడు.

"పా ఫౌజీ," అన్నాడు. "నువ్వు గూడ ఎండల అలసినవ్. జర నీళ్లు తాగుదాం."