వీరాస్వామి నేర్పిన దరువు

1953 జూన్‌లో నన్ను ఏలూరులో ఒక ఎయిడెడ్ హైస్కూలుకు సంగీతం మేష్టారుగా తీసుకున్నారు. డ్రిల్లు మేష్టారు, డ్రాయింగు మేష్టారు, నేను, ముగ్గురం స్పెషలిస్టు టీచర్లం. పేరు ఘనంగానే ఉన్నా, పరీక్షలు లేని సబ్జెక్టులు చెప్పేవాళ్ళమని దాని అసలు అర్థం. లెక్కల మేష్టారికి పోర్షను మిగిలిపోతే ముందుగా తీసుకునేది మా పీరియడ్లే. అలాంటి నాకు ఆ ఏడాదే హెడ్మాస్టరుగారు ఒక పెద్ద పని అప్పగించారు. మార్చిలో జరిగే వార్షికోత్సవానికి పిల్లలచేత పూర్తి యక్షగానం ఒకటి ఆడించమన్నారు.

యక్షగానమంటే మొదటినుంచి చివరిదాకా పాడుతూ ఆడే నాటకం. మాటలు తక్కువ. పాత్ర రంగం మీదికి వచ్చి తన కథ తానే తాళానికి పాడుకుంటుంది. ఆ పాటను దరువు అంటారు. నేను ఎంచుకున్నది మా గురువుగారి నోట నేర్చుకున్న పాత యక్షగానం. వేటకు వెళ్ళిన రాజు తిరిగి రాడు. రాణి మారువేషంలో అడవులన్నీ తిరిగి భర్తను వెతుక్కుంటుంది. భారమంతా రాణి పాత్ర మీదే. రెండో అంకంలో ఆమె అడవిలో ఒంటరిగా పాడే దరువు ఒకటుంది. అది పైస్థాయిలో మొదలై అక్కడే చాలాసేపు నిలబడుతుంది. మాది మగపిల్లల బడి కాబట్టి రాణి వేషం కూడా మగపిల్లవాడే కట్టాలి. ఇంకా గొంతు మారని పిల్లవాడు తప్ప ఆ దరువు ఎవరూ పాడలేరు.

గొంతులు చూడటానికి ఒక్కొక్కణ్ణీ హార్మోనియం పక్కన నిలబెట్టి, ఒకే స్వరం పట్టి, ఎంతసేపు నిలపగలరో చూశాను. థర్డ్ ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో, వీరాస్వామి అనే పిల్లవాడు కళ్ళు మూసుకుని పై షడ్జం అందుకున్నాడు. హార్మోనియం ఆపేసి విన్నాను. ఇంక మిగతావాళ్ళను రాణి కోసం చూడనక్కర్లేకపోయింది.

వీరాస్వామిది కొల్లేటి మధ్య లంక గ్రామం. హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. వాడి తండ్రి నాగన్న వల వేసి చేపలు పట్టి బతికేవాడు. అంతకు ముందటేడు వరదలో దోనె తిరగబడి పెద్దకొడుకు పోయాడు. ఆనాటినుంచి దోనె మీద రెండో మనిషి లేడు. దసరా సెలవులయ్యాక వీరాస్వామి రాలేదు. పది రోజుల తర్వాత తండ్రీ కొడుకులు కలిసి వచ్చారు. పేరు తీయించి, పెట్టె తీసుకుని వెళ్ళిపోదామని వచ్చామని చెప్పారు.

హెడ్మాస్టరుగారు నన్ను పిలిపించి, "వెళ్ళేముందు ఒక్కసారి మీ అబ్బాయి పాట వినండి నాగన్నగారూ" అన్నారు. నేను హార్మోనియం తెప్పించుకున్నాను. కుర్చీ చూపించినా నాగన్న కూర్చోలేదు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. వీరాస్వామి అడవి దరువు పాడాడు.

"ఇంట్లో ఎప్పుడూ ఇలా పాడలేదండి ఈడు" అన్నాడు నాగన్న పాట అయ్యాక. "పెద్దోడు పోయాక మా ఇంట్లో పాటన్నదే లేదండి."

"ఇలాంటి గొంతున్నవాణ్ణి బడి మాన్పించడం మీకు న్యాయంగా ఉందా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

నాగన్న తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. "సరేనండి. ఆడు పాడినంతకాలం ఆడి సదువుకి నేనడ్డం రానండి. మా తిప్పలు మేం పడతాం" అన్నాడు.

ఒప్పందం అలా కుదిరింది. వీరాస్వామి హాస్టలుకు పరుగెత్తాడు.

రిహార్సళ్ళు బడి వదిలాక డ్రాయింగు హాల్లో జరిగేవి. రాణి చెలికత్తెల్లో ఒకడు ప్రకాశం. పాస్టరుగారి కొడుకు, సెకండ్ ఫారం. చర్చిలో కీర్తనలు పాడి పాడి శ్రుతి బాగా కుదిరిన పిల్లవాడు. కానీ బిడియస్థుడు. ఎవరైనా తనవైపు చూస్తే గొంతు సగానికి దిగిపోయేది. వీరాస్వామి వాణ్ణి తన పక్కనే నిలబెట్టుకుని, "నన్ను చూసి పాడరా, జనాన్ని చూడకు" అనేవాడు. వాళ్ళిద్దరూ ఎప్పుడూ కలిసే తిరిగేవారు.

జనవరి నెలాఖరులో వీరాస్వామి గొంతులో సన్నగా జీర కనిపించింది. జలుబనుకుని హాస్టలు వంటమనిషిచేత మిరియాల కషాయం కాయించి ఇప్పించాను. వారం తిరిగేసరికి పైస్థాయిలో స్వరం జారడం మొదలైంది. పట్టుకున్న షడ్జం ఉన్నట్టుండి విరిగి, కిందినుంచి ఎవరో పెద్దవాడు పలికినట్టు ఒక బొంగురు ధ్వని వచ్చేది. పిల్లలు నవ్వారు. మొదట వాడూ నవ్వాడు.

సంగతి నాకు అర్థమైంది. శ్రుతి అరమెట్టు దించి చూశాను, ఆపైన ఇంకో అరమెట్టు. రాణికి కొంత సులువైంది కానీ, రాజుకీ మంత్రికీ పాట గొంతు అడుగుకు పోయి వినపడటం మానేసింది. యక్షగానంలో అన్ని పాత్రలకీ ఒకటే శ్రుతి. ఒకరి కోసం దించితే అందరూ మునుగుతారు. పైగా ఇవాళ అందిన స్వరం వాడికి రేపు అందడంలేదు. గొంతు మారే వయసులో బలవంతంగా పాడిస్తే ఆ గొంతు ఎప్పటికీ పాడైపోవచ్చు.

ఒక సాయంత్రం మిగతావాళ్ళను పంపేసి వీరాస్వామిని కూర్చోబెట్టాను. ఇది జబ్బు కాదనీ, మగపిల్లలందరికీ జరిగేదేననీ, ఏడాదో రెండేళ్ళో ఆగితే కొత్త గొంతు స్థిరపడుతుందనీ చెప్పాను.

"అప్పుడు ఇదే గొంతు వస్తదాండి?"

"ఇది రాదు. వేరే గొంతు వస్తుంది."

"మంచిదే వస్తదాండి?"

"అది ఎవరూ చెప్పలేరు వీరాస్వామీ."

వాడు హార్మోనియం మెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. "అయితే రాణి పాట ప్రకాశానికి ఇవ్వండి మేష్టారండీ. ఆడికి నేను నేర్పుతాను" అన్నాడు.

ఆ తర్వాతి నెల రోజులూ నేను చూసింది నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. స్వరాలు నేను చెబితే, మిగతాదంతా వీరాస్వామి చెప్పాడు. ఎక్కడ ఊపిరి తీసుకుంటే జనానికి తెలియదో, పై స్వరానికి ముందు గడ్డం ఎత్తకుండా ఎలా ఉండాలో, చీర కుచ్చిళ్ళు కాళ్ళకు అడ్డం పడకుండా ఎలా తిరగాలో, అన్నీ నేర్పాడు. పాడి చూపించాల్సి వచ్చినప్పుడు వాడి బొంగురు గొంతు విరిగిపోయేది. అప్పుడు పెదవులు మాత్రం కదిపి, చేత్తో గాలిలో స్వరం ఎత్తు చూపించేవాడు. ప్రకాశం ఆ చేతిని చూసి పాడేవాడు. మొదట్లో ప్రకాశం ఒప్పుకోలేదు. "నీ పాట నేను పాడనురా" అని ఏడ్చాడు. "నువ్వు పాడకపోతే దాన్ని ఇంకెవడూ పాడడు. అప్పుడు నాకేం మిగుల్తుంది?" అన్నాడట వీరాస్వామి. ఈ మాట తర్వాత ప్రకాశమే నాకు చెప్పాడు.

పాత్ర మారిన సంగతి ఇంట్లో చెప్పావా అని వీరాస్వామిని రెండుసార్లు అడిగాను. కబురు చేశానన్నాడు.

వార్షికోత్సవం రోజు మధ్యాహ్నానికే తాడేపల్లిగూడెంనుంచి అద్దె సామాను వచ్చింది. కిరీటాలు, జడలు, అడవి తెర. ఎండ తగ్గాక జనం రావడం మొదలైంది. నేను వేదిక పక్కన హార్మోనియం సర్దుకుంటుంటే నాగన్న ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఉతికిన పంచె, చేతిలో తామరపూల దండ. వెనక అతని భార్య మంగమ్మ, ఊరివాళ్ళు మరికొందరు. తెల్లవారకముందే దోనెల్లో బయల్దేరి గట్టు చేరి, అక్కణ్ణుంచి బండ్ల మీద వచ్చారట.

"మావోడి పాటని ఊరంతా చెప్పానండి. మావోడు రాణిగా వచ్చినప్పుడు ఈ దండ ఎప్పుడెయ్యాలో తవరు సైగ చెయ్యాలండి" అన్నాడు.

హార్మోనియం అలాగే వదిలేసి తెర వెనక్కి వెళ్ళాను. వీరాస్వామి తెర లాగే తాడు దగ్గర నిలబడి ఉన్నాడు. తండ్రిని చూశాడని ముఖం చూస్తేనే తెలిసింది.

"కబురు చెయ్యలేదండి" అన్నాడు నేను అడక్కముందే. "ఇప్పుడు చెప్పకండి మేష్టారండీ. చెబితే లేచెళ్ళిపోతాడు. ఆ దరువు నాన్న వినాలండి. అయ్యాక నేనే చెప్తాను."

మొదటి గంట కొట్టారు. ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు. ప్రార్థన మొదలుపెట్టక తప్పలేదు.

ప్రకాశం ఆ సాయంత్రం ఎవరికీ భయపడలేదు. అడవి దరువు మొదలుపెట్టినప్పుడు వాడి కళ్ళు జనం మీద లేవు. తెర పక్కన నిలబడి చెయ్యి ఎత్తి చూపిస్తున్న వీరాస్వామి మీదే ఉన్నాయి. నేను హార్మోనియం మీదనుంచి ఒక్కసారి తలెత్తి చూశాను. నాగన్న ముందు వరుసలో నేలమీద కూర్చుని, చేతులు జోడించి, నోరు తెరుచుకుని వింటున్నాడు. కళ్ళనుంచి ధారగా కారుతోంది. పక్కవాళ్ళ భుజం తట్టి, "మావోడేనండి, మావోడేనండి" అంటున్నాడు. రంగులు పూసుకుని జడ కట్టుకున్నాక ఎవరు ఎవరో పోల్చుకోవడం ఎవరికైనా కష్టమే.

ఆట ముగియగానే నాగన్న దండ పట్టుకుని వేషాల గదిలోకి వచ్చాడు. ప్రకాశం అప్పుడే జడ తీసి బల్ల మీద పెట్టాడు. నాగన్న ఆగిపోయాడు. ఆ పిల్లవాణ్ణి చూశాడు, గదంతా చూశాడు. మూల నుంచి వీరాస్వామి ముందుకు వచ్చాడు.

"నువ్వెక్కడున్నావురా?"

"తెర లాగుతున్నాను నాన్నా."

మూడు మాటలు. ఆ మూడూ మూడు రకాలుగా పలికాయి. మధ్యమాట సగంలో విరిగింది. నాగన్నకు చెప్పాల్సింది ఆ గొంతే చెప్పేసింది.

అతను కోప్పడలేదు. ప్రకాశం దగ్గరికి వెళ్ళి దండ వాడి మెడలో వేశాడు. "బాగా పాడేవు బాబూ" అన్నాడు. ప్రకాశం దండ తీసేయబోతే, "ఉంచు, ఉంచు" అన్నాడు.

గుమ్మం బయట మంగమ్మ నిలబడి ఉంది. కొడుకు బయటికి రాగానే దగ్గరికి తీసుకుని కొంగుతో ముఖం తుడిచింది. "మొదటి పాటకే తెలిసిపోయిందండి నాకు మావోడు కాదని" అంది నాతో. "ఆయనకి చెప్పలేకపోయానండి. ఏడాది దాటిందండి ఆయన మొకంలో సంతోషం చూసి."

మర్నాడు హెడ్మాస్టరుగారూ నేనూ నాగన్నను ఎంతగానో బతిమాలాం. పిల్లవాడు చదువులోనూ చురుకైనవాడేనని, ఎస్సెస్సెల్సీ దాకా ఉంచమని చెప్పాం. గొంతు మళ్ళీ వస్తుందన్నాం. "ఎప్పుడొస్తాదండి?" అన్నాడు. ఏడాదో రెండేళ్ళో అన్నాం. అతను తల ఊపాడు. "నేను మాట తప్పలేదండి. పాడినంతకాలం అన్నాను. ఒక్కణ్ణీ దోనె మీదికి పోతుంటే ఇంటిది గుమ్మంలోంచి లేవదండి, నేనొచ్చేదాకా" అన్నాడు. పరీక్షలు రాయించి తీసుకెళ్ళాడు. వీరాస్వామి క్లాసులో రెండోవాడుగా పాసయ్యాడు. జూన్‌లో రాలేదు.

ఆ యక్షగానాన్ని మరుసటి ఏడు తాడేపల్లిగూడెంలో ఆడమని అడిగారు. ప్రకాశం పాడనన్నాడు. ఎవరు చెప్పినా వినలేదు. ఆట ఆగిపోయింది.

1957 ఎన్నికల్లో నన్ను పోలింగు ఆఫీసరుగా వేశారు. బ్యాలెట్ పెట్టెలతో మమ్మల్ని లంకకు దాటించడానికి వచ్చిన పడవ మీద గడ వేస్తున్నది వీరాస్వామి. మనిషి ఎత్తు పెరిగాడు, భుజాలు వచ్చాయి. "బాగున్నారాండీ మేష్టారండీ" అన్నాడు. ఆ గొంతు విని ఉలిక్కిపడ్డాను. లోతుగా, నిండుగా, ఎక్కడా జీర లేకుండా ఉంది. రాజు పాత్రకు అలాంటి గొంతు నాకు ఒక్కటీ దొరకలేదు.

"పాడుతున్నావా?" అని అడిగాను.

"లేదండి."

"ఏం?"

కాసేపు గడ వేశాడు. "నాన్న వింటానంటే పాడతానండి. ఆయన అడగడండి. నేను పాడితే ఆ రోజు గుర్తొస్తాదని నేనూ మొదలెట్టనండి" అన్నాడు.

పోలింగు ముగిశాక నాగన్న మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చాడు. ప్రకాశం ఎలా ఉన్నాడని అడిగాడు. మదరాసులో ఒక మిషన్ స్కూల్లో చదువుతున్నాడని చెప్పాను. కొడుకు గొంతు సంగతి నేనే ఎత్తాను. ఎంత మంచి గొంతో చెప్పాను. నాగన్న నేలకేసి చూస్తూ విని, "ఇంకెందుకులెండి" అన్నాడు.

ఆ తర్వాత ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఉద్యోగం వదిలేదాకా పిల్లలచేత చాలా నాటకాలు ఆడించాను. పైస్థాయి పాత్రకు మొదటిరోజే ఇద్దరిని ఎంచడం, గొంతు మారుతుందని పాత్ర ఇచ్చేటప్పుడే పిల్లవాడికీ ఇంట్లోవాళ్ళకీ చెప్పడం, మారాక రెండేళ్ళదాకా వాడిమీద ఒక కన్నేసి ఉంచి మళ్ళీ హార్మోనియం దగ్గరికి పిలవడం అలవాటు చేసుకున్నాను. ఇవన్నీ పనికొచ్చిన పద్ధతులే. కానీ అసలు నేర్చుకున్నది ఇంకొకటి. బాగా పాడుతున్నాడు కాబట్టి బడిలో ఉంచండని ఏ తండ్రితోనూ ఎవరినీ అననివ్వలేదు. పాట పోయినా వాడి బెంచీ వాడికి ఉండాలి.