పదిహేనడుగుల తీన్‌మార్

ధబ్... ధబ్... ధబ్... చెరువుకు గుండె ఉంటే ఇలాగే కొట్టుకునేదేమో. పాఠాలు చెప్పడానికి బడికి వెళ్తూ చెరువు కట్ట మలుపు తిరగకముందే నాకు ఆ చప్పుడు వినిపించేది. తిరిగాక నీరడి పర్వతాలు కనిపించేవాడు. నెత్తిన రుమాలు, చేతిలో మట్టిని గట్టిపరిచే దిమ్మిస, కాళ్ళ దగ్గర ముగ్గుపిండితో గీసిన రెండు గీతలు. ఆ గీతల మధ్య పదిహేనడుగుల కట్టను ఎవరూ ఊరికే దాటకూడదు. గెంతాలి. అదీ అతని పిచ్చి.

లాల్‌గడి మలక్‌పేట్ దగ్గరి మా ఊళ్ళో తాతల నాటి నుంచి చెరువు నీళ్ళు చూసే నీరడి అతను. పొలాలు ప్లాట్లయ్యాయి, నీళ్ళడిగేవాళ్ళు లేరు. ఇతను మాత్రం కట్టను వదల్లేదు.

"సారూ, బండి దిగు. పదిపార్లు దుంకు."

"లేటైతాంది పర్వతాలూ!"

"గీ మాటన్నంతల అయిదు అయిపోతుండె."

ప్లాట్లమ్మే జనార్ధన్ చేత కారును అక్కడే ముందుకీ వెనక్కీ ఎనిమిదిసార్లు నడిపించాడు. పిలవని పెళ్ళిళ్ళకు వెళ్ళి మరీ, "బరాత్ కట్ట మీదికెళ్ళి తేండ్రి, డీజే నీళ్ళ మీద మస్తు మోగుతది" అని ఊరించేవాడు. వచ్చారా, గీతల మధ్యే తీన్‌మార్. పెళ్ళికొడుకు శ్రీకాంత్ ఆడి ఆడి చెప్పు తెగి, ఒంటిచెప్పుతో మండపానికి చేరాడు. "లగ్గం టైమైతాంది" అని పెద్దలు మొత్తుకుంటే, "ఆడోళ్ళు ఇంక దుంకలే" అన్నాడు పర్వతాలు.

సరిగ్గా ఆ గీతల దిగువన ఎలీషమ్మ ఇల్లు. ఒంటరి మనిషి. చర్చి పాటల్లో అందరికన్నా పెద్ద గొంతు.

"నీ నోట్ల మన్నువడ పర్వతాలూ! కూరల దుమ్ము వడ్తాంది!"

"నా నోట్లెందుకు వదినె? గా మన్నేదో తెచ్చి గీడ పొయ్యి!"

ఆ పదిహేనడుగులే ఎందుకని అడిగితే, "కట్టకు గాడనే దురద" అనేవాడు.

ఈ వానాకాలం ముసురు పట్టి చెరువు అంచుదాకా నిండింది. పొద్దున్నే వెళ్తే, ఎలీషమ్మ మూటతో చర్చి వైపు తిట్టుకుంటూ నడుస్తోంది. ఇంట్లో పాము దూరిందట, పర్వతాలు చూశాడట. అతనేమో ఆమె పెరటి వెనక కట్ట వాలుకు చెవి ఆనించి బోర్లా పడుకున్నాడు.

"పామేది?"

"పాము లేదు, పాడు లేదు సారూ. పోయినేడు గీడ ఎండ్రకాయలు బొక్కలు జేసినయి. నీళ్ళు ఊరినయి. తవ్వి రేగడిమన్ను కూరిన. కొత్తమన్ను గట్టివడాల్నంటె తొక్కాలె. నా ఒక్క దిమ్మిస ఏం సాలుతది? ఊరోళ్ళ కాళ్ళు ఊకెనే పోతున్నయి గద! అయినా తెగితె మొదలు మునిగేది వదినె ఇల్లే. గందుకే పాము సొచ్చిందన్న."

నేనూ చెవి ఆనించాను. నిద్రపోయే బర్రెలా కట్ట వెచ్చగా, నిమ్మళంగా ఉంది. వాన తడే తప్ప లోపలి నుంచి ఒక్క చుక్క ఊరడం లేదు.

మూడోరోజుకు అలుగు పారి నీళ్ళు తగ్గాయి. ఎలీషమ్మ తిరిగొచ్చి, కర్రతో మంచం కింద వెతికి, పాము దొరక్క గొంతెత్తింది. "నీ నోట్ల మన్నువడ!"

"నిజం చెప్పెయ్యనా?" అన్నాను.

పర్వతాలు చెరిగిపోయిన గీతలు మళ్ళీ గీస్తూ తలెత్తాడు.

"వద్దు సారూ. తెలిస్తె మబ్బువట్టినప్పుడల్ల పరేషానైతది. తిట్టుకుంటనన్న నిమ్మళంగ పండుకుంటాంది. నువ్ గా ముచ్చట ఇడిసి, పదిపార్లు దుంకి పో."