బావ ఆగిన చోట్లు

మొన్నటి శ్రావణంలో మా అక్క మనవరాలు ఫోన్ చేసి, హార్మోనియం పట్టుకుని ఒకసారి తమ ఇంటికి రమ్మంటే, ఏదో వ్రతానికి భజన పెట్టుకున్నారనుకుని, ఇబ్రహీంపట్నంలో షేర్ ఆటో ఎక్కి, పెట్టెను ఒళ్లో పెట్టుకుని తుర్కయాంజాల్‌లో దిగాను. ఆ పిల్ల ఆదిభట్లలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. కంపెనీ బస్సు దిగి ఇల్లు చేరాక మిగిలిన సమయమంతా పాటలకే పెడుతుంది. తీరా వెళ్లి చూస్తే భజనా లేదు, మనుషులూ లేరు. అపార్ట్‌మెంట్‌లో చివరి గది గోడల నిండా నల్లటి స్పాంజి ముక్కలు అతికించి ఉన్నాయి. నాదర్‌గుల్ వైపు తిరిగే చిన్న విమానాల మోత లోపలికి రాకుండా కిటికీకి రెండు దుప్పట్లు కట్టింది. తలుపు వేయగానే నా ఊపిరి నాకే పెద్దగా వినబడింది. నేను దగ్గితే ఆ దగ్గు నోటి దగ్గరే ఆగిపోయింది. గోడలు మనిషి గొంతును తిరిగి ఇవ్వకపోతే పట్టపగలు కూడా భయం వేస్తుందని ఆనాడే తెలిసింది.

ఆ పిల్ల చెప్పింది విని ఇంకా ఆశ్చర్యపోయాను. మా పాత భజన పాట ఒక్కదానికే, వేణువు ఊదినాయన ఎక్కడో తన ఇంట్లో ఊది రికార్డు చేసి పంపాడట, తాళాలు ఇంకొకరు ఇంకో ఊళ్లో వేశారట, వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోనే లేదట. నేను కూడా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, వినబడుతున్నదాన్ని బట్టి ఒంటరిగా వాయించాలి. ఇంతకూ డోలక్ ఎవరిదని అడిగితే, మా తాతది అంది. అంటే మా బావది. బావ పోయి ముప్పై ఏళ్లు దాటింది.

నా ఈడు వాళ్లకు ఆనాటి శనివారం భజనల సంగతి వేరే చెప్పక్కర్లేదు. నేను బజారులో బట్టలు కుట్టేవాణ్ణి, బావ కూరగాయలు పండించేవాడు. శనివారం పొద్దుగూకే వేళకు నేను కత్తెర పక్కన పెట్టేవాణ్ణి, ఆయన కాళ్లకు అంటిన మట్టి కడుక్కునేవాడు, ఇద్దరం అక్క వాళ్ల ముందరి గదిలో ఎదురెదురుగా కూర్చునేవాళ్లం. పాడేవాళ్లు, తాళాలు వేసేవాళ్లు చుట్టూ చేరేవారు. బావ ఎన్నడూ తన డోలక్ వైపు చూసేవాడు కాదు, నా వేళ్ల వైపే చూసేవాడు. నేను ఒక మెట్టు తప్పినా, ఒక చరణం ముందుకు దూకినా, ఆయన చేతులు నాకంటే ముందే ఆ సంగతి పసిగట్టి, ఎడమచేత్తో గుమ్మని లోతుగా పలికే చిన్న దెబ్బ, గుమ్మకం, ఒకటి వేసి నన్ను మళ్లీ దారిలోకి తెచ్చేవి. విన్నవాళ్లకు అది తప్పనే అనిపించేది కాదు. అదొక అందమనుకునేవారు.

అటువంటి మనిషిని నేను వదిలి వెళ్లాను. పట్నంలో పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రా వాళ్లు పిలిస్తే సంబరపడి పోయాను. అక్కడ తాళం వేయడానికి మనిషి లేడు, మిషన్ ఉండేది, దానికి తగ్గట్టు మనం పరుగెత్తాలి. అప్పట్లో నా వేళ్లు చురుకుగా ఉండేవి కనుక ఆ పరుగు నాకు నచ్చింది. శనివారాలు ఒకటొకటిగా తప్పాయి. బావ కోప్పడలేదు. ఒకసారి మాత్రం దుకాణానికి వచ్చి, కుట్టుమిషన్ పక్కన నిలబడి, "నీ పెట్టె లేకుంటే నాకు కొట్టబుద్ధి అయితలేదు బామ్మర్దీ" అని, నా జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. వచ్చే వారం వస్తానని మనసులో అనుకున్నాను. అలా ఎన్ని వారాలు అనుకున్నానో!

ఆ తరువాత ఆయనకు జ్వరం పట్టుకుంది. అది తగ్గీ తగ్గకుండా ఉన్న రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఇంట్లో ఉన్న టేపురికార్డర్ ముందు కూర్చుని, ఒక్కడే, మేం శనివారాలు వాయించే ఆ పాటకు డోలక్ వాయించి క్యాసెట్టులో పట్టించాడట. వారం తిరక్కుండానే పోయాడు. నేను పెళ్లిలో వాయిస్తుండగా కబురు వచ్చింది.

పదకొండో దినం నాడు భజన వాళ్లంతా అదే గదిలో చేరారు. అక్క టేపురికార్డర్ తెచ్చి బావ కూర్చునే చోట పెట్టి, మీట నొక్కి, నన్ను వాయించమంది. వాయించబోయాను. రెండు వరుసలు కూడా సాగలేదు, మెట్ల మీద నుంచి చేతులు తీసి వింటూ కూర్చున్నాను. డోలక్ ఎక్కడ ఆగకూడదో అక్కడ ఆగేది. పాట హుషారుగా పోవలసిన చోట ఒక దెబ్బ ఆలస్యంగా పడేది. మూడో చరణంలో ఏ తప్పూ లేకపోయినా, తప్పును సర్దే ఆ గుమ్మకం వినిపించేది. ఎదురుగా మనిషి లేడు, ఆయన చేతులు మాత్రం ఎవరికోసమో ఆగుతున్నాయి. గదిలో అందరూ తలలు వంచుకున్నారు. జ్వరంలో పాపం చేతులు కుదరలేదని ఎవరో మెల్లగా అన్నారు. అక్క టేపు ఆపేసింది. ఆ క్యాసెట్టును మళ్లీ ఎవరూ వినలేదు, మొన్న ఈ పిల్ల అక్క ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసేదాకా.

సరే, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. డోలక్ మొదలయింది. దెబ్బ దెబ్బకు సమానంగా, గడియారం కొట్టినట్టుగా ఉంది. అది బావ చెయ్యే, ఆ చర్మం మోతే, కానీ అందులో బావ లేడు. హెడ్‌ఫోన్‌ను ఒక చెవి మీద నుంచి జరిపాను. ఇదేమిటని అడిగితే, తాత తాళం చాలాచోట్ల తప్పిందని, కంప్యూటర్‌లో కత్తిరించి సరిచేశానని చెప్పింది. ఉన్నది ఉన్నట్టుగా పెట్టమన్నాను.

"అది మీతోని కాదు తాతా, మస్తు గ్యాపులున్నయ్."

"కానియ్, పెట్టు."

నా కుడిచేతి నడిమి వేలి సంగతి ఇక్కడ చెప్పాలి. నలభై ఏళ్లు కత్తెర పట్టి పట్టి ఆ వేలు మూడేళ్ల కిందట బిగుసుకుపోయింది. మెట్టు మీద పడితే తొందరగా లేవదు. అందుకే నేను నలుగురిలో వాయించడం మానేశాను. ఆ రోజు వాయిస్తుంటే మొదటి వరుస చివర వేలు పట్టేసింది. డోలక్ ఆగింది. వేలు లేచింది. డోలక్ కదిలింది. ఏదో కలిసివచ్చిందనుకున్నాను. రెండో చరణంలో ఆయాసం వచ్చి చెయ్యి నెమ్మదిస్తే, దెబ్బ కూడా నాతోపాటే నెమ్మదించింది. మూడో చరణం సగంలో మరిచిపోయి నాలుగోది అందుకున్నాను. చెవిలో ఆ గుమ్మకం వినబడింది. నా వేళ్లు వాటంతట అవే వెనక్కి వచ్చాయి. కళ్లు పైకెత్తడానికి ధైర్యం చాలలేదు. ఎదురుగా ఎవరో కూర్చుని నా చేతులనే చూస్తున్నట్టు పాట అయిపోయేదాకా అనిపిస్తూనే ఉంది.

పిల్ల రికార్డింగు ఆపింది. మీరు ఇది ముందే విని నేర్చుకున్నారా అని అడిగింది. పదకొండో దినం నాడు ఒక్కసారి తప్ప విననే లేదన్నాను. ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి అంది. రెండోసారి జాగ్రత్తగా, తప్పులు లేకుండా వాయించాను. అదే డోలక్, అవే దెబ్బలు, ఒక్కచోటా కలవలేదు. నేను ముందుకు పోతుంటే అది వెనక నిలబడి నన్ను వెతుక్కున్నట్టు ఆగింది. సగంలోనే హెడ్‌ఫోన్ తీసేశాను.

మర్నాడు పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఎనభై దాటిన మనిషి, చూపు సరిగా ఆనదు. వరండాలో చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది, చెయ్యి ఆపింది.

"నీకు చెప్పలే తమ్మీ. జరమొచ్చి మీ బావకు మతి తప్పిందనుకున్న. ఆ దినం టేపు మీట నొక్కే ముందల, ఎదురుంగ ఎవలో కూసున్నట్టే చూసిండు. 'వేలు నొస్తుందా బామ్మర్దీ? నిమ్మలంగ వాయించు, తొందరేం లేదు' అన్నడు. నేను తలుపుకాడ నిలవడి విన్న."

"అప్పుడు నా వేలికి ఏం కాలేదు గద అక్కా."

"అవ్. గందుకే ఎవ్వలికీ చెప్పలే."

ఆమె చిక్కుడుకాయలు తుంచింది, నేను కాసేపు సాయం చేశాను. మనవరాలు ఆ పాటలో ఒక్క దెబ్బ కూడా మార్చకుండా, నా తప్పులతోనే ఉంచింది. ఇప్పుడు ఆ గదిలో ఒంటరిగా కూర్చుంటే తలుపు తెరిచే పెట్టుకుంటున్నానని, విమానాల మోత పడితే పడనీ అని, ఫోన్‌లో చెప్పింది.

ఈ కాలపు పిల్లల చేతిలో ఉన్న విద్య తక్కువది కాదు. ఒక్కరే కూర్చుని పదిమంది వాద్యాలు పలికించగలరు, తప్పు ఎవరి చెవినా పడకముందే చెరిపేయగలరు. మా రోజుల్లో తప్పు చెరిగేది కాదు, ఎదుటివాడు దాన్ని అందుకుని భుజాన వేసుకునేవాడు. అందుకు వాడు మన ఎదురుగా ఉండాలి, మన వేళ్లను చూస్తుండాలి. నేనేమో అలా చూసే మనిషిని వదిలి మిషన్‌తో పరుగెత్తాను.

ఆ పిల్ల కూడా ఒకనాటికి నా ఈడుకు వస్తుంది కదా, తనకోసం నేనూ ఏదైనా పట్టించి పోదామని మొన్న మధ్యాహ్నం ఇంట్లో తలుపు వేసుకుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని, ఆమె పాడే పాటే మొదలుపెట్టాను. రెండు వరుసలు వాయించి మానేశాను. ఎక్కడ ఆగాలో నాకు తెలియలేదు.