ఏమీ లేదని కొట్టేసిన గీత

అమ్మకూ పెద్దమ్మకూ ఒకే మతిమరుపు వచ్చింది. అల్జీమర్స్ అన్నారు. భయపడి నేనూ జన్యుపరీక్ష చేయించుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరు నా రిపోర్టులో ఒక జన్యువులోని మార్పు రాసి ఉన్న వరుసను పెన్నుతో కొట్టేశాడు.

"గీ మార్పు సైలెంట్ మేడం. దీంతోని ప్రొటీన్ మారదు. పరేషాన్ గాకుండ్రి."

ప్రొటీన్ మారకపోయినా, అది ఎంత తయారవుతుందో, ఎంత వేగంగా తయారవుతుందో మారవచ్చని, దాంతో ముప్పు కొంత పెరగనూవచ్చు, తగ్గనూవచ్చని ఎల్బీనగర్‌లో ఇంకో డాక్టరమ్మ చెప్పింది. నా విషయంలో ఏమవుతుందో తనకు తెలియదని కూడా అంది. తెలియదంటే నాకు కోపం లేదు. తెలియనిదాన్ని ఏమీ లేదని కొట్టేస్తేనే ఒళ్ళు మండింది.

అమ్మ పోచంపల్లిలో ముప్ఫై ఏళ్ళు చీరలు నేసింది. ఆ సాయంత్రం మా బట్టల కొట్లో ఒకే రంగు, ఒకే డిజైనున్న రెండు చీరలు ఆమె ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో తడిమి ఒకటి పక్కకు నెట్టింది.

"గిది నేత వదులున్నది. నాలుగు ఉతుకులకే పోగులు జరుగుతయి."

నా పేరు చెప్పలేని మనిషికి ఆ తేడా చేతికి దొరికింది. ఆ డాక్టరు మాత్రం తడిమి చూడకుండానే గీత కొట్టాడు.