నల్ల పట్టు, నాలుగు

మా అత్త బట్టలు కుడుతుంది. మామూలు బట్టలు అందరూ కుడతారు, ఆవిడ పట్టు కుడుతుంది. జారిపోయే గుడ్డకి సూది వెయ్యమంటే పేరున్న టైలర్లు కూడా నీళ్ళు నములుతారు. మా అత్తకి మాత్రం అలాంటి గుడ్డ చేతికొస్తేనే హుషారు. రేడియో కట్టేసి, కళ్ళజోడు సర్దుకుని కూర్చుందంటే ఇక పిలిచినా పలకదు. ఆవిడ అసలు పేరు మా వీధిలో సగం మందికి తెలియదు. పట్టు మేడం అంటే చాలు, ఎదురుగా వచ్చి ఇల్లు చూపిస్తారు. ఆ పేరు కుట్టుపని వల్ల రాలేదనీ, ఒకసారి పట్టు పడితే విడవదు కాబట్టి వచ్చిందనీ మామయ్య వాదన. ఆయనా తక్కువవాడేం కాదు.

అలా పట్టుపట్టి కొన్నదే ఆ కారు. ఎర్రది. నేలని రాసుకుంటూ పోతున్నట్టుంటుంది. స్టార్ట్ చేస్తే పక్కింటి కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఎవరో కుర్రాడు మోజుపడి కొనుక్కుని, పెళ్ళయ్యాక అమ్మేసుకుంటే ఆవిడ కొంది. యాభై దాటిన మనిషికి ఇలాంటి కారెందుకని చుట్టాలందరూ ముక్కున వేలేసుకున్నారు. ఎందుకేమిటి? ఇష్టం. ఇష్టానికి కూడా కారణం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ కారుకి వెనక సీటు ఉందని కాగితాల్లో రాసి ఉంది. అందులో కూర్చునేదాన్ని నేనే కాబట్టి చెబుతున్నాను, అది సీటు కాదు, శిక్ష. మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతాయి. ముందు సీటు ఖాళీగానే ఉంటుంది, కానీ అది మామయ్యది. ఆయన ఎక్కకపోయినా సరే, అందులో ఇంకెవరూ కూర్చోకూడదు. మేనకోడలినైనా నాకూ మినహాయింపు లేదు. అయినా ఆదివారం పొద్దున్నే అత్త తాళాలు గలగలలాడిస్తే నేను చెప్పులేసుకుని గేటు దగ్గర ఉంటాను.

మామయ్య బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుంటాడు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో ఊరందరికీ చెప్పే గొంతు ఆయనదే. ఇంట్లోనూ అదే ధోరణి. కూర పొయ్యి మీద ఉండగానే "భోజనం కొద్ది ఆలస్యంగా నడుస్తున్నది, సహకరించగలరు" అంటాడు. అలాంటి సరదా మనిషి ఆ కారెక్కడం మానేశాడు. ఎందుకు మానేశాడో చెప్పాలి.

పోయిన వానాకాలంలో ఇద్దరూ కలిసి వస్తుంటే, వంతెన దిగగానే ఉండే మలుపులో కారు వెనకభాగం జారింది. జారి, గుండ్రంగా తిరిగి, వచ్చిన దారికేసి మొహం పెట్టి నిలబడింది. ఎవరికీ ఏమీ కాలేదు, కారుకి గీత కూడా పడలేదు. మామయ్య మెల్లిగా కిందికి దిగాడు. స్టీరింగు మీదున్న అత్త చేతుల వంక చూశాడు. "నీ చేతులు మునుపటిలా లేవే," అన్నాడు. గొడుగు తెరుచుకుని బస్ స్టాపుకి నడిచి వెళ్ళిపోయాడు.

భయంలో నోరు జారిన మాట అది. ఆయన మర్నాటికి మర్చిపోయి ఉంటాడు. కానీ చేతుల మీద బతికే మనిషితో అనాల్సిన మాటేనా? అప్పటినుంచి అత్త సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఒక్క క్షణం ఆగి వేళ్ళు చూసుకునేది. లైటు కింద చేతులు చాపి, వణుకుతున్నాయా అని పరీక్ష పెట్టుకునేది. ఒకావిడ మంచి పట్టు పట్టుకొస్తే "ఈ మధ్య తీరిక లేదమ్మా, ఇంకెక్కడైనా ఇవ్వండి," అని పంపేసింది. పక్కనే ఉన్న నాకు తెలుసు, ఆవిడకి బోలెడంత తీరిక ఉంది. ఆ రోజు మామయ్య మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

మార్కెట్ వెనక టైర్ల కొట్టు ఉంది. దాని యజమానిని అందరూ గాలి బాబాయి అంటారు. చక్రాలకి గాలి కొడతాడు, ఖాళీ దొరికితే గాలి కబుర్లు చెబుతాడు. ఒకరోజు గాలి కొట్టించుకుందామని వెళితే, ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇవి అయిపోయాయమ్మా," అన్నాడు.

"ఏం అయిపోయాయి? గీతలు ఇంత లోతుగా ఉంటే," అన్నాను నేను. అమ్ముకునేవాడు అలాగే అంటాడని నా అనుమానం.

"గీతలుంటే సరిపోతుందా? వయసు చూడండి." టైరు పక్కన చెక్కిన అంకెలు చూపించాడు. అది తయారైన వారం, సంవత్సరం అందులో ఉంటాయట. ఆ కుర్రాడు కారుని ఎక్కువకాలం షెడ్డులోనే ఉంచినట్టున్నాడు. టైర్లు అరగలేదు కానీ ముసలివైపోయాయి. "గోరు పెట్టి నొక్కండమ్మా," అన్నాడు బాబాయి.

అత్త నొక్కింది. గోరు దిగలేదు. రబ్బరు ఎండిన చెక్కలా ఉంది.

"ఇవి వానలో జారతాయా?" అని అడిగింది.

"ఇంత బలమున్న బండికి ఇలాంటివా? జారక ఏం చేస్తాయి?"

అత్త కళ్ళజోడు సర్దుకుంది. తన చేతుల వంక చూసుకుంది. ఆ చూపులో ఏముందో నాకు అర్థమైంది. దారిలో "ఇప్పుడే వెళ్ళి మామయ్యతో చెబుదాం పద," అన్నాను.

"చెబితే సాకు అనుకుంటారు. కొత్తవి వేయించి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, వానలో ఆ మలుపే తిప్పుతాను. అప్పుడు తెలుస్తుంది," అంది. "ఆయనకీ, నాకూ."

ఇక మొదలైంది బేరం. బేరం కాదు, పెళ్ళిచూపులు. బాబాయి మూడు రకాలు వరసగా పేర్చి, గ్రిప్పు గ్రిప్పు అని ఊదరగొట్టడం మొదలుపెట్టాడు. అత్త చెయ్యెత్తి ఆపింది. "గ్రిప్పేంటండీ, పట్టు అనండి. నాకు తెలిసిన మాటలో చెప్పండి, నేను చూసుకుంటాను." ఆ మాట బాబాయికి తెగ నచ్చింది. అప్పటినుంచి ఆయన నోట టైరన్న మాట పోయి పట్టే మిగిలింది.

మొదటిది మెత్తటి పట్టు. పోటీల్లో నడిపే బండ్ల టైర్లకి తమ్ముడిలాంటిదట. ఎండిన రోడ్డుని పట్టుకుంటే వదలదు. తొందరగా అరిగిపోతుంది, చల్లబడితే మొరాయిస్తుంది. రెండోది గట్టి పట్టు. చప్పుడు చెయ్యదు, ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ ఈ కారుకి వేస్తే పరుగు పందెం మనిషికి ఇంట్లో వేసుకునే చెప్పులు తొడిగినట్టే. మూడోది మధ్యరకం. నీళ్ళని పక్కకి తోసెయ్యడానికి వెడల్పాటి గీతలున్నాయి.

"మీ బండికి మొదటిదే మర్యాదమ్మా," అన్నాడు బాబాయి. గట్టిదైతే మళ్ళీ ఈ గొడవ ఉండదని నేనన్నాను. నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

"ఇంకో సంగతి. ఈ బండికి ముందు చక్రాలు ఒక కొలత, వెనకవి ఒక కొలత," అన్నాడు బాబాయి, అదేదో చిక్కు సమస్యలా.

"నా దగ్గరికి కుట్టించుకోడానికి వచ్చే వాళ్ళందరిదీ అంతేగా," అంది అత్త. బాబాయి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

అత్త మనసు మొదటిదాని మీదే ఉంది. ఆ సంగతి దాచుకోవడం ఆవిడకి చేతకాలేదు. గుడ్డని చూసినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రబ్బరు అంచుని నలిపి చూసింది. రెండోదాని దగ్గరికి వెళ్ళి, మళ్ళీ మొదటిదాని దగ్గరికే వచ్చింది. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండే కొండదారి ఆవిడ కళ్ళ ముందు తిరుగుతోందని నాకు తెలుసు. చివరికి, గుడ్డ తెచ్చిన ప్రతివాళ్ళనీ అడిగే ప్రశ్నే బాబాయిని అడిగింది.

"తడిస్తే ఏమవుతుంది?"

బాబాయి మొదటిదాని వైపు చూసి తల గోక్కున్నాడు. మూడోదాని వైపు చూసి, "దీనికి వానంటే ఇష్టమమ్మా," అన్నాడు.

"అయితే మూడోదే." మొదటిదాన్ని చేత్తో ఒకసారి తట్టి, వదల్లేక వదిలినట్టు ఇవతలికి వచ్చింది. "నేనొక్కదాన్నే ఎక్కే బండయితే నిన్నే తీసుకెళ్ళేదాన్ని," అని దానితోనే చెప్పింది. ఆ కొలతల్లో కొట్లో లేవు, తెప్పించాలి. వచ్చాక ఫోన్ చేస్తానన్నాడు బాబాయి.

ఫోనైతే చేశాడు. కానీ అప్పుడు అత్త మిషను మీద పరదాలు కుడుతోంది, చప్పుడుకి వినపడలేదు. మామయ్య ఎత్తాడు. మాట్లాడి పెట్టేసి, మొహం చాటంత చేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మీ అత్త అడిగిన పట్టు వచ్చిందట. నల్ల పట్టు, నాలుగు. మార్కెట్ వెనక కొట్లో ఉందట, అరలో చోటు లేదు, తొందరగా పట్టుకెళ్ళమంటున్నాడు. చూశావా, మళ్ళీ పట్టు ఒప్పుకుంది. నేనే వెళ్ళి తెస్తాను, నువ్వేం చెప్పకు."

అంటే ఆయనకీ తెలుసన్నమాట, ఆవిడ పట్టు కుట్టడం మానేసిందని. అన్నాళ్ళుగా నేను దాచుకున్న కోపం అక్కడే సగం కరిగింది. ఆ కరగడంలో పడి అసలు విషయం నాకు ఆలస్యంగా తట్టింది. తట్టేసరికి మామయ్య గుడ్డసంచీ, గొడుగూ పట్టుకుని వీధి చివర మలుపు తిరిగిపోయాడు.

అత్తతో చెప్పాను. ఆవిడ కత్తెర కింద పెట్టి, పరదా వదిలేసి, చెప్పుల కోసం కూడా చూడకుండా కారు తీసింది. మేం వెళ్ళేసరికి కొట్లో మామయ్య సంచీ నోరు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు, పట్టు మూట ఎవరో అక్కడ దించిపోయారనుకున్నాడట. ఎదురుగా బాబాయి నడుం మీద చేతులేసుకుని ఉన్నాడు.

"బండేదండీ?" అంటున్నాడు బాబాయి.

"బండెందుకయ్యా, సంచీ తెచ్చాగా."

"సంచీలో ఎక్కడ పడతాయండీ?"

"మడతపెట్టి ఇవ్వు, పడతాయి."

నేను గోడకి ఆనుకుని కడుపు పట్టుకున్నాను. అత్త మొదట కంగారుపడింది, తర్వాత ఆవిడా ఆపుకోలేకపోయింది. మామయ్య సంచీ వంక, గోడకి చేరేసిన టైర్ల వంక చూసి, చివరికి తనూ నవ్వాడు. చాలా రోజుల తర్వాత ముగ్గురం ఒకేచోట నవ్వాం. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

బాబాయి కారుని జాకీ మీద లేపి పాత టైర్లు విప్పాడు. మామయ్య వాటి దగ్గర చతికిలబడ్డాడు. పాతదాని మీద బొటనవేలితో నొక్కాడు. కొత్తదాని మీద నొక్కాడు. మళ్ళీ పాతదాని మీద నొక్కాడు. అత్త ఆయన బొటనవేలినే చూస్తోంది.

మా ఇంటి గొడవలేమీ తెలియని బాబాయి చక్రం బిగిస్తూ అన్నాడు. "ఆ పాతవాటితో వానలో ఈ బండిని రోడ్డు మీద నిలబెట్టారంటే, ఆ చేతులకి దండం పెట్టాలండీ."

మామయ్యకి పొలమారినట్టయింది. దగ్గి, లేచి, ప్యాంటు దులుపుకున్నాడు. "నేను బస్సులో వచ్చేస్తానులే," అని ఖాళీ సంచీ ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

నాకు మళ్ళీ మండుకొచ్చింది. "చూశావా అత్తా, తెలిసి కూడా ఎక్కలేదు."

"తెలిసింది కదా, చాల్లే. చెప్పడానికి టైం పడుతుంది," అంది అత్త. "ఆయన బస్సులు ఎప్పుడైనా టైంకి వచ్చాయా?" నవ్వుతూనే అంది గానీ, ఇంటికొచ్చేదాకా ఖాళీ ముందు సీటు వైపు చూస్తూనే ఉంది.

కొత్త టైర్లని కొన్నాళ్ళు నెమ్మదిగా నడిపి మచ్చిక చేసుకోవాలన్నాడు బాబాయి, పైన నున్నటి పొర పోయేదాకా. అత్త అలాగే నడిపింది. సైకిళ్ళ వాళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయారు. ఆ అవమానం వెనక సీట్లో మోకాళ్ళ మధ్య మొహం దాచుకుని నేను భరించాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం పొద్దుటినుంచీ వాన. అత్త కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. మామయ్య చొక్కా మార్చుకుని, గొడుగు తీసుకుని, గుడ్డసంచీ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"మార్కెట్ దాకా దింపుతావా?" అన్నాడు, ఏమీ జరగనట్టు.

అత్త తాళాలు తీసుకుంది. నేను పిలవకుండానే వెనక సీట్లో దూరాను. మామయ్య ముందు సీట్లో కూర్చుని, తలుపు పైనున్న పిడిని రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. వీధి దాటాక, "వంతెన మీదుగా పోనీ," అన్నాడు.

"మార్కెట్ అటు కాదుగా మామయ్యా," అన్నాను వెనకనుంచి.

"నాకు తెలుసులే. నువ్వు కూర్చో."

వంతెన దిగాం. రోడ్డు మీద నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి. మలుపు దగ్గరపడింది. అత్త వేగం కొంచెం తగ్గించి, చేతులు మెత్తగా తిప్పింది, పట్టు మీద కత్తెర నడిపేటప్పుడు తిప్పినట్టే. టైర్లు నీళ్ళని రెండు పక్కలకీ విసిరాయి. కారు గీసిన గీత మీద నడిచినట్టు మలుపు తిరిగి, నింపాదిగా ముందుకి సాగింది. నేను మామయ్య చేతుల వైపు చూశాను. రెండూ ఒళ్ళో ఉన్నాయి. పిడి ఎప్పుడు వదిలేశాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

తర్వాత మామయ్య గొంతు సవరించుకుని, ఊరందరికీ తెలిసిన ఆ మైకు గొంతుతో మొదలుపెట్టాడు.

"ప్రయాణికులకు మనవి. డ్రైవరుగారి చేతులు బాగానే ఉన్నవి. గతంలో పొరపాటున ఇచ్చిన సమాచారానికి చింతిస్తున్నాము."

అత్త పెదవులు వణికాయి. చెయ్యి మాత్రం వణకలేదు. ముందు కనిపించిన ఖాళీ స్థలంలో కారుని వెనక్కి తిప్పి, మళ్ళీ వంతెన వైపే పోనిచ్చింది.

"ఇంకోసారి చెప్పండి," అంది. "వెనక సీటుకి వినపడలేదు."

నాకు శుభ్రంగా వినపడింది. అయినా నోరు మూసుకుని కూర్చున్నాను.