తగినంత బిగువు

మా బావ చేసిన మీట ఇప్పుడు మా వైపు చాలా మగ్గాలకు ఉంది. కోర్టులో ఓడాడు కనుక అది అతని ఆలోచన కాదనుకుంటారు జనం. తీర్పు అలా చెప్పలేదు. ఆ తేడా తెలిసినవాణ్ణి నేనే మిగిలాను కనుక రాస్తున్నాను.

మా అక్క భర్త కడప జిల్లాలో గుంటమగ్గం నేసేవాడు. నేత సాగేకొద్దీ లేచి పడుగు దారాలు వదులు చేసుకునే పని లేకుండా, దానంతటదే వదిలే మీట తయారుచేశాడు. పేటెంటు వచ్చింది. హక్కు దేనిమీదో చెప్పే వాక్యంలో, పడుగును మీట ‘తగినంత బిగువు’గా ఉంచుతుందని రాయించారు. కొంతకాలానికి ఒక వర్క్‌షాపు యజమాని అలాంటి మీటలే చేసి అమ్మసాగాడు. బావ దావా వేశాడు.

“తగినంత అంటే ఎంత?” అని అవతలి వకీలు బోనులో ఉన్న బావను అడిగాడు.

“చెయ్యి పెడితే తెలుస్తాది సామీ. గాలి ఎండితే ఒక తీరు, ముసురు పడితే ఒక తీరు. నాకొకటి, మా అన్నకొకటి. కాగితానికి యాడ తెలుస్తాది?”

కోర్టంతా నవ్వింది. జడ్జి గారికీ నచ్చింది. గెలిచాం. ఆ జవాబు మా వీధిలో శానా రోజులు చెప్పుకున్నారు.

అవతలివాడు అప్పీలు చేశాడు. కర్నూలు రాజధానిగా, హైకోర్టు గుంటూరులో ఉన్న రోజులవి. కర్నూలు గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని పేటెంటు చట్టం మీద ఇంగ్లీషు పుస్తకం చదివాను. పేటెంటులో హక్కు చెప్పే వాక్యాన్ని ఆ పని తెలిసినవాడు చదివినట్టు చదవాలని అందులో ఉంది. కనుక్కున్నానన్న గర్వంతో గుంటూరు రైలులో నంద్యాల దాటేదాకా బావకు అదే చెప్పాను.

జడ్జీలూ ఆ సూత్రమే చెప్పారు. తర్వాత బావ జవాబు చదివించారు. “పని తెలిసినవాడే మనిషికొక బిగువు, రోజుకొక బిగువు అంటున్నాడు. పక్కవాడు ఎక్కడ ఆగాలో ఈ వాక్యం చూసి ఎలా తెలుసుకుంటాడు?” అన్నారొకరు.

“మగ్గం తెప్పిస్తే ఈడనే చూపిస్తా గదప్పా,” బావ నా చెవిలో అన్నాడు.

“అప్పీలులో మళ్లీ సాక్ష్యం తీసుకోరు బావా.”

“మరి నువ్వు చదివిన పుస్తకంలో ఏముండాది?”

“ఇదే ఉంది.”

మీట బావది కాదని వాళ్లు అనలేదు. హద్దు తెలియని హక్కు నిలవదన్నారు. పేటెంటు రద్దయింది.

నిఘంటువును ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథపాలకుడికీ, గుంటూరులో అన్నం పెట్టిన మా వకీలు గారి ఇల్లాలికీ, మా అక్కకూ కృతజ్ఞుణ్ణి. పేర్లు వద్దన్నారు, రాయను. బావకు కూడా కృతజ్ఞుణ్ణే. ఇంటికి చేరిన మర్నాడు అతను మగ్గం గుంటలోకి దిగి, మీట సరిచేసి, “చెయ్యి పెట్టి చూడప్పా” అన్నాడు. పడుగు మీద పెట్టాను. నాకేమీ తెలియలేదు.