పర్దా మీది మంచుకొండ

కలరా ఉండల వాసన ముక్కుకు తగలగానే ఉన్నచోటే ఆగిపోయాను. ఆ చోటు ఆల్ప్స్ కొండల్లో ఒక పర్యాటకుల ఊరు. ఉద్యోగరీత్యా నేను జర్మనీలో ఉంటున్నాను. ఉప్పల్ నుంచి నన్ను చూడటానికి వచ్చిన అమ్మకు మంచుకొండ చూపిద్దామని అక్కడికి తీసుకెళ్లాను. అబ్బో, ఏం ఊరది! అడుగడుగునా ఆవుల మెడగంటలు అమ్మే దుకాణాలు, గంటకోసారి తలుపు తీసుకుని పిట్ట కూసే గడియారాలు, ఊపితే ప్లాస్టిక్ మంచు రాలే గాజు బుడ్డీలు, చెక్క ఎలుగుబంటితో ఫోటో దిగడానికి చాంతాడంత క్యూ, మూలమలుపులో మనవాళ్ల తందూరీ హోటల్ నుంచి అల్లంవెల్లుల్లి ఘుమఘుమ! అభిరుచి గలవాళ్లు ఇలాంటి ఊళ్లను చూసి ముఖం చిట్లిస్తారట. నాకైతే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో వదిలేసిన పిల్లలా కాళ్లు నేల మీద నిలవలేదు. అన్నీ ఉన్నాయి, కొండ తప్ప. పొద్దుటి నుంచి దట్టమైన పొగమంచు, పైకి వెళ్లే కేబుల్ కారు ఆపేశారు. నాతోపాటు కొండనూ చూద్దామని విమానం ఎక్కిన అమ్మ ముఖం చిన్నబోయింది. కాస్త సేపు మరిపిద్దామని ఒక ఫోటో దుకాణంలోకి తీసుకెళ్లాను. దిగేవాళ్లకు పాతకాలపు కోట్లు అద్దెకిస్తారక్కడ, వాటి మడతల్లోంచే వచ్చింది ఆ వాసన.

నాకది దసరా వాసన. మా ఇంట్లో స్వెట్టర్లు ట్రంకుపెట్టెలోంచి బయటపడేది చలికాలానికి కాదు, దసరాకు. ఉప్పల్‌లో మా ఇంటి దగ్గరి స్టూడియో అన్న ఏటా ఆ పండక్కి ఎక్కడినుంచో ఫోటోల వెనక కట్టే బొమ్మల పర్దా ఒకటి తెప్పించేవాడు: నీలాకాశం, తెల్లటి కొండ, కొండ కింద ఎర్రకప్పు ఇల్లు, ఇంటి ముందు ఎందుకో ఒక హంస. మంచులో ఫోటో దిగుతూ మామూలు బట్టల్లో నిలబడితే లోకం నవ్వదా అని అమ్మ ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు, కోతిటోపీలు తీసేది. తలంటి పోసుకుని, గడపకు బంతిపూలు కట్టి, వేడి గారెలు కూరలో ముంచుకుని తిని, వీధంతా చూస్తుండగా ఆ ఎండలో ఉన్నిబట్టలు చంకన పెట్టుకుని బయలుదేరేవాళ్లం.

నాచారంలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో లేత్ మిషన్ నడిపే మా బాపు మాత్రం నేరుగా అక్కడికే రావాలి. ఆ రోజు ఆయుధపూజ కదా, మిషన్లన్నీ తుడిచి, కుంకుమబొట్లు పెట్టి, దండలు వేసి, గుమ్మడికాయ కొట్టేదాకా కంపెనీలో ఎవరూ కదలరు. ఒక ఏడాది ఆ పూజ ఎంతకీ తెమల్లేదు. నేను, అమ్మ, కోతిటోపీలో నాయనమ్మ పెద్ద లైట్ల కింద చెమటలు కక్కుతూ నిలబడ్డాం.

"అక్కా, పర్దా రామంతాపూర్ స్టూడియోకు పోవాలె, ఆటో వచ్చి నిలవడ్డది. మీరు ముగ్గురు దిగున్రి," అన్నాడు స్టూడియో అన్న.

బాపు లేని పండగ ఫోటోనా? నాకు ఏడుపొక్కటే తక్కువ. అమ్మ మాత్రం ఉన్నచోటు నుంచి జరగలేదు. "గట్లెట్లయితది అన్నా? గా పక్కకు జాగ ఉంచు. లేటయినా వస్తడాయన."

వచ్చాడు! నుదుటి మీద ఇంత కుంకుమ, చేతిలో బూందీ పొట్లం, రొప్పుతూ వచ్చి ఖాకీ చొక్కా మీదే స్వెట్టర్ తొడుక్కుని అమ్మ ఉంచిన జాగాలో నిలబడ్డాడు. టక్కున ఫ్లాష్ వెలిగింది, నా ప్రాణం లేచొచ్చింది.

ఫ్రేము కట్టించి గోడకు తగిలించాక గానీ అసలు సంగతి బయటపడలేదు. పైనంతా స్వెట్టర్లు, టోపీలు, కింద మాత్రం మంచులో నలుగురివీ వట్టికాళ్లే! పర్దా నేల మీదికీ పరిచి ఉంది మరి, బొమ్మ గీసిన గుడ్డను చెప్పులతో తొక్కుతామా, గడప బయటే విడిచేశాం. వచ్చిన చుట్టమల్లా పొట్ట పట్టుకుని నవ్వాడు. బాపు మీసం దువ్వి, "నవ్వున్రి నవ్వున్రి. బూట్లు గీట్లు తొడిగి ఈమెను అసలు కొండ కాడికే తీస్కపోత సూడున్రి," అన్నాడు. ఆ మాట అమ్మ మనసులో నాటుకుపోయింది. ఓవర్‌టైములు బాపును వదల్లేదు, కొండ వాయిదా పడుతూనే వచ్చింది, చివరికి ఆయనే మమ్మల్ని వదిలి పైలోకానికి వెళ్లిపోయాడు. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ హంస ఏ గోదాములో చివికిపోయిందో, దసరా ఫోటోలు ఇప్పుడు ఎవరికి వాళ్లం చెయ్యి చాపి తీసుకుంటున్నాం.

ఆల్ప్స్ ఊరి ఆ ఫోటో దుకాణంలో, కోట్ల వెనక గోడకు కట్టి నేల మీదికీ పరిచిన పర్దా చూసి అమ్మ ఒక్క కేక పెట్టింది. "సూడవే, మన కొండ!" నిజమే, నీలాకాశం, తెల్లటి కొండ, ఎర్రకప్పు ఇల్లు, ఒక్క హంసే తక్కువ! నేను తిరిగి చూసేలోపు కొత్త బూట్లు విప్పి గోడ వారగా పెట్టేసింది. దుకాణం అమ్మాయి తొడుక్కోమని సైగ చేస్తుంటే, "పర్దాను బూట్లతోని తొక్కుతరా ఎవలన్న?" అని ఆమెకు తెలుగులోనే బుద్ధి చెప్పింది. నవ్వాపుకోలేక నేనూ విప్పేశాను.

కలరా ఉండల కోట్లు తొడుక్కుని నిలబడ్డాం. దుకాణం అమ్మాయి దగ్గరికి జరగమని చెయ్యి ఊపింది. అమ్మ నన్ను ఒక పక్కకు లాక్కుని అక్కడే బిగుసుకుపోయింది.

"జర మధ్యకు రా అమ్మా, అటు పక్కంతా ఖాళీగ ఉంది," అన్నాను.

"ఉండనీయే. మీ బాపు ఎప్పటికి లేటే గద," అంది అమ్మ కెమెరాకేసి నవ్వుతూ. "జాగ ఉంచిన."